7 ఎకరాల మెట్ట చేనులో వేరుశనగ తగ్గించి కొర్ర, జొన్న వేయడం గురించి

ప్రశ్న (కళ్యాణదుర్గం వైపు రైతు కుమారుడు):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గానికి దగ్గరి పల్లె. వాన మీదనే ఆధారపడిన 7 ఎకరాల ఎర్ర నేల మా జీవనాధారం. ఒకప్పుడు బోరు ఉండేది కానీ అది ఎండిపోయి చాలా ఏళ్ళయింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చేనులో వేరుశనగే పంట. నడుమ సాళ్ళలో కాస్త కంది, అలసంద తప్ప మరొకటి చూడలేదు. గడచిన 5 ఏళ్ళలో 3 ఏళ్ళు సరిగ్గా ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళకు బెట్ట వచ్చింది. గత ఏడాది విత్తనానికి పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. పశువులకు మేతగా వేరుశనగ కట్టె దక్కింది, అంతే.

ఈసారి సగం చేనైనా కొర్ర, జొన్న వంటి పాత పంటలకు మళ్ళించాలని నా కోరిక. మా నాయన ఒప్పుకోవడం లేదు. ఆయన చెప్పే కారణాలు కొట్టిపారేయదగినవి కావు కనుక ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను. కొర్ర పండించడం తనకు రాక కాదనీ, పండిన కొర్రను కొనేవాడు ఎవరో చెప్పమనీ ఆయన అడుగుతున్నారు. వేరుశనగ అయితే కాయ కల్లంలో ఉండగానే బేరగాడు వస్తాడు, అప్పు ఇచ్చేవాడు కూడా ఆ పంటను చూసే ఇస్తాడు. మా అమ్మ అభ్యంతరం వేరు. పెళ్ళై వచ్చిన కొత్తలో అత్తతో కలిసి తెల్లవారక ముందే లేచి కొర్రలు దంచిన చేతులు తనవనీ, ఆ రోకలి మళ్ళీ తన చేతికి ఇచ్చేటట్లయితే ఈ మాటే ఎత్తవద్దనీ ఆమె అంటున్నది.

ఎంత నేలతో మొదలుపెట్టాలి, ఏ విత్తనం తీసుకోవాలి, పొట్టు ఎక్కడ తీయించాలి, ధర సంగతి ఏమిటి అన్నవి నా ప్రశ్నలు. సొంత చేనులో చేసి చూసినవారు చెబితే మా ఇంట్లో ఆ మాటకు విలువ ఉంటుంది.

1వ జవాబు (వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవారు):

బాబూ, మీ నాయనగారిది మొండితనం కాదని ముందుగా చెప్పాలి. ఆ ప్రాంతంలో కొర్ర, అరిక, సజ్జ, జొన్న పోయి వేరుశనగ ఒక్కటే మిగలడం రైతు ఇష్టం ఒక్కదానితో జరిగిన మార్పు కాదు. 1983 నుంచి కిలో 2 రూపాయల బియ్యం ఇంటికి రావడంతో, తినడానికి చేనులో గింజ పండించాల్సిన అవసరం తగ్గింది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ ప్రారంభించిన తరువాత రాయితీ విత్తనం, బ్యాంకు రుణం, పంటల బీమా, నూనె మిల్లుల గిరాకీ అన్నీ వేరుశనగ చుట్టూ చేరాయి. వేరుశనగ పోతే కొంతైనా బీమా వస్తుందన్న ఆశ ఉంటుంది. కొర్ర పోతే అడిగే నాథుడు లేడు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో జ్యేష్ఠ మాసం వచ్చిందంటే రాయితీ విత్తన కాయల పంపిణీ తప్ప మాకు వేరే పని ఉండేది కాదు. కొర్ర విత్తనం కావాలని ఒక రైతు వచ్చి అడిగితే చేతిలో పెట్టడానికి నా దగ్గర ఒక్క సంచి కూడా లేని రోజు నాకు ఇప్పటికీ బాధగా గుర్తున్నది.

ఒకే పంట వల్ల వచ్చే ముప్పు ఎంతటిదో 2000 సంవత్సరపు ఖరీఫ్‌లో ఆ జిల్లా చూసింది. కాండం కుళ్ళు వైరస్ తెగులు 2 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసింది. ఆ వైరస్‌కు బీళ్ళలో, గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క ఆశ్రయం. దాని పుప్పొడితో పాటు తామర పురుగులు తెగులును చేనులోకి చేరవేస్తాయి. దానికి శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయాల్లో ఒకటి, చేను చుట్టూ 4 సాళ్ళ జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా విత్తడం. చేనులోంచి వెళ్ళగొట్టిన పంటనే కాపలాకు మళ్ళీ పిలవాల్సి వచ్చిందన్నమాట.

ఇక మీ నేల లెక్క చూద్దాం. ఆ జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అంతకంటే పెద్ద చిక్కు, అది ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం. వేరుశనగకు 100 నుంచి 110 రోజులు కావాలి, అందులో ఊడలు దిగి కాయ ఊరే నడిమి కాలంలో బెట్ట తగిలితే తరువాత ఎంత వాన కురిసినా ఆ నష్టం పూడదు. కొర్ర 80 నుంచి 90 రోజుల్లో కోతకు వస్తుంది, నడుమ రెండు మూడు వారాలు వాన లేకపోయినా ముడుచుకుని ఉండి, పదును దొరకగానే లేస్తుంది. ముంగారు ఆలస్యమైన ఏడాది జులై చివరి దాకా విత్తుకునే వీలు దీనికి ఉన్నది. జొన్నకు ఆ వీలు లేదు, ఆలస్యంగా వేస్తే మొవ్వు ఈగ తినేస్తుంది కనుక దాన్ని తొలకరి వానలకే విత్తాలి.

ఖర్చులో తేడా మరీ ఎక్కువ. ఎకరాకు వేరుశనగ పప్పు దాదాపు 60 కిలోలు విత్తాలి, కొర్ర విత్తనం 2 కిలోలు చాలు. అంటే పంట పోయినా కొర్రలో పోయేది ప్రధానంగా మీ దున్నకం, మీ కష్టం; వేరుశనగలో వాటితో పాటు విత్తనానికి చేసిన అప్పు కూడా మెడకు చుట్టుకుంటుంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన ఎస్‌ఐఏ 3085, సూర్యనంది అనే కొర్ర రకాలు ఆ నేలలకు సరిపోతాయి. గింజ చాలా సన్నం కాబట్టి ఒక పాలు విత్తనానికి 3 పాళ్ళ సన్నని ఇసుక కలిపి గొర్రుతో విత్తండి, లోతు ఒక అంగుళం దాటకుండా చూడండి. నేను చూసిన విఫలమైన కొర్ర చేలలో సగం లోతుగా పడిన విత్తనం వల్ల పాడైనవే. 5 సాళ్ళ కొర్రకు 1 సాలు కంది పెడితే, కొర్ర కోసిన తరువాత ఆ కంది చివరి వానలను వాడుకుంటుంది. వెర్రి కంకి తెగులు రాకుండా విత్తన శుద్ధి తప్పక చేయాలి.

మొదటి ఏడాది సగం చేను మార్చవద్దు. 2 ఎకరాలతో మొదలుపెట్టండి.

2వ జవాబు (జహీరాబాద్ దగ్గరి పల్లెలో పనిచేసే ఉపాధ్యాయురాలు):

తమ్ముడూ, మీ అమ్మగారి మాట చదివి ఈ జవాబు రాయాలనిపించింది. పాత పంటలు తిరిగి రావాలని సభల్లో మాట్లాడేవాళ్ళలో చాలామంది ఆ గింజను అన్నంగా మార్చే పని ఎవరిదో ఆలోచించరు. దంచే పని, చెరిగే పని, జల్లించే పని అన్నీ ఆడవాళ్ళ మీదనే పడతాయి. వాళ్ళు వద్దంటే ఆ పంట ఆ ఇంట్లో నిలవదు. అందుకని మీ ప్రశ్నల్లో పొట్టు తీయించే ప్రశ్న మొదటిది కావాలి, మూడవది కాదు.

మా ప్రాంతంలో జరిగింది కొంత చెబుతాను, మీకు పనికిరావచ్చు. 1983లో పస్తాపూర్‌లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడి పల్లెల్లో పేద దళిత స్త్రీల సంఘాలతో పనిచేసింది. దానిని నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ స్త్రీలలో చాలామందికి ఉన్నది ఎకరా, రెండెకరాల గుల్ల నేల, అదీ ఏళ్ళ తరబడి బీడు పడినది. దున్నడానికి, ఎరువు తోలడానికి సంఘం అప్పు ఇచ్చి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నల రూపంలో తీసుకున్నది. అలా చేరిన జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి, కూలి దొరకని నెలల్లో ఆ ఊరి అతి పేద ఇళ్ళకే తక్కువ ధరకు ఇచ్చారు. ఆ ఏర్పాటులో బయటి బేరగాడి కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు, ఎందుకంటే పండించినదీ తిన్నదీ ఆ ఊరే. మీ నాయనగారు అడిగిన ప్రశ్నకు వీళ్ళు ఇచ్చిన జవాబు ఇది.

ఇంకొక సంగతి. ఇక్కడి స్త్రీలు జొన్న తీసేసి ఆ స్థానంలో కొర్ర ఒక్కటే నింపలేదు. ఒకే చేనులో పచ్చజొన్న, సజ్జ, తైద (రాగి), కొర్ర, కంది, పెసర, మినుము, అనుము, నువ్వు, గోంగూర అన్నీ కలిపి విత్తుతారు. ఒక్కొక్కటి ఒక్కొక్క వేళకు చేతికి వస్తుంది. ముందు కూర, తరువాత పప్పు, ఆ తరువాత గింజ, చివరికి పశువులకు చొప్ప. వాన ఏ నెలలో మొండికేసినా అన్నీ ఒకేసారి పోవు. నల్ల నేలల్లో చలికాలపు మంచు మీదనే పండే శనగ, కుసుమ, అవిసె వంటి వాటిని వీళ్ళు సత్యం పంటలు అంటారు. నీళ్ళు అడగకుండా మాట నిలబెట్టుకునే పంటలని ఆ పేరును నేను అర్థం చేసుకున్నాను. మీ ఎర్ర నేలలో ఆ చలికాలపు పంట కుదరదు కానీ, కలిపి విత్తే పద్ధతి కుదురుతుంది.

విత్తనం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పెట్టి, పైన మట్టితో మెత్తి దాస్తారు. ఏటా సంక్రాంతి వేళకు మొదలై దాదాపు నెల రోజులు ఎడ్ల బండ్ల మీద ఆ విత్తనాలను పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర జరుగుతుంది. వీలైతే ఒకసారి మీ అమ్మగారిని తీసుకుని రండి. అక్కడి ముసలమ్మలు ఆమెతో మాట్లాడితే, నేను రాసినదాని కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

3వ జవాబు (నంద్యాల జిల్లా రైతు):

సోదరా, పై ఇద్దరు చెప్పినదానిలో తప్పు లేదు. అయితే ధర మాట వాళ్ళు ముట్టుకోలేదు, ఆ మాట చెప్పవలసినది దెబ్బ తిన్నవాడే. కొన్నేళ్ళ కిందట చిరుధాన్యాలకు పట్టణాల్లో గిరాకీ వచ్చిందని, ఎంత పండించినా కొంటామని ఒక వ్యాపారి చెప్పిన మాట మీద మా ఊరిలో కంది, పత్తి తీసేసి 40 మందికి పైగా కొర్ర వేశాము. పంట బ్రహ్మాండంగా వచ్చింది. అందరిదీ ఒకేసారి వచ్చింది. మాట ఇచ్చిన మనిషి ఫోను ఎత్తలేదు. స్థానిక బేరగాళ్ళు అడిగిన ధరకు కోత కూలి మాత్రమే తిరిగి వచ్చేది. నేను అమ్మకుండా పొట్టుతోనే మూటలు కట్టి ఉంచాను. కొర్రకు ఉన్న గొప్ప గుణం అది, పొట్టుతో ఉంటే ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలుస్తుంది. మరుసటి ఏడాది చివరికి కొంత మేలైన ధరకు పోయింది. అప్పు ఉన్నవాళ్ళు అలా ఆగలేకపోయారు, వాళ్ళే ఎక్కువ నష్టపోయారు.

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటలలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. 2025-26కు క్వింటాలు రాగికి 4,886 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, సజ్జకు 2,775, వేరుశనగకు 7,263 ప్రకటించారు. కొర్ర, సామ, అరిక, ఊద ఆ పట్టికలో లేవు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ ప్రతిపాదన పెట్టింది మన దేశమే. ఆ ఏడాది కొర్ర బిస్కెట్లు, కొర్ర నూడుల్స్ ఎన్నో చూశాను, కానీ మా మార్కెట్ యార్డులో కొర్ర కాటా పెట్టినవాణ్ణి చూడలేదు. ఈ మాట నిష్ఠూరంగా ఉండవచ్చు, కానీ కొత్తగా వేసేవాళ్ళు మా వలె మోసపోకూడదనే చెబుతున్నాను.

నా సలహా ఇది. అమ్మకం కోసం అయితే ముందు జొన్న, సజ్జ చూడండి. వాటికి పొట్టు తీసే బాధ లేదు, చొప్ప పశువులకు ఉంటుంది, కొనేవాడు ఏ ఊరిలోనైనా ఉంటాడు. కొర్ర మీ ఇంటికి, మీ చుట్టాలకు సరిపడా వేయండి. వేరుశనగ కట్టె వదులుకుంటున్నారన్న సంగతి మరచిపోవద్దు, దాని ముందు కొర్ర గడ్డి దిగదుడుపే. పాడి ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

4వ జవాబు (రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పొట్టు తీసే యూనిట్ చూసుకునే మహిళ):

అన్నా, దంపుడు విషయం నా పని కనుక దానిని గురించి కాస్త వివరంగా రాస్తాను. రాగి, జొన్న, సజ్జలకు మింగుడు పడని గట్టి పొట్టు ఉండదు, నేరుగా పిండి ఆడించవచ్చు. కొర్ర, సామ, ఊద, వరిగ, అండు కొర్ర, అరిక అనే ఆరింటికీ గింజ మీద గట్టి పొట్టు ఉంటుంది, అరికకు మరీ మొండి పొట్టు. వడ్ల మిల్లులో ఇవి ఆడవు. వేగంగా తిరిగే చక్రం గింజను విసిరి గోడకు తాకించే యంత్రం కావాలి, దానికి ముందు రాళ్ళు ఏరే జల్లెడ, తరువాత పొట్టును గాలికి లేపే ఏర్పాటు ఉండాలి. మా యూనిట్‌లో క్వింటాలు కొర్రకు 60 నుంచి 65 కిలోల బియ్యం వస్తుంది. గింజ సరిగా ఎండకపోతే, నూక ఎక్కువై అది 55కు కూడా పడిపోతుంది.

పొట్టు తీసిన బియ్యం ఎక్కువ కాలం నిలవదు. తవుడులో నూనె ఉంటుంది, రెండు మూడు నెలలకు కనరు వాసన వస్తుంది. అందువల్ల ఒకేసారి ఆడించి పెట్టుకోవద్దు, పొట్టుతో దాచి ఇంటికి కావలసినంత నెలకు ఒకసారి ఆడించుకోండి. మా దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు స్కూటర్ల మీద 20, 30 కిలోల సంచులు తెచ్చుకుని గంట సేపట్లో బియ్యం, తవుడు వేరువేరుగా పట్టుకుపోతారు. మీ అమ్మగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి.

అమ్మకం గురించి నంద్యాల అన్న చెప్పినది అక్షరాలా నిజం. ఒక్క రైతు ఒంటరిగా వెళితే బేరం ఉండదు. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్, రైతుల సొంత సహకార సంఘమైన ధరణి ద్వారా చిరుధాన్యాలను రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి అమ్మిస్తున్నది. కళ్యాణదుర్గం నుంచి అది మరీ దూరం కాదు. వెళ్ళి వాళ్ళు సభ్యులను ఎలా చేర్చుకుంటారో అడగండి. ప్రభుత్వం తలచుకుంటే ఎంత చేయగలదో ఒడిశాను చూస్తే తెలుస్తుంది. 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల మిషన్‌లో అక్కడ గిరిజన రైతుల రాగులను మద్దతు ధరకు కొని, ఆ రాగులనే రేషన్‌లో ఇచ్చారు, కొన్ని జిల్లాల అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టారు. కొన్న గింజ తినే నోటికి చేరడం వల్లనే అక్కడ రైతు మళ్ళీ విత్తాడు. మన అంగన్‌వాడీలు, హాస్టళ్ళు వారానికి రెండు పూటలు స్థానికంగా పండిన కొర్రన్నం, జొన్న రొట్టె పెట్టినా ఒక మండలపు పంట కదులుతుంది. ఈ కోరికను మేము గ్రామ సభల్లో అడుగుతూనే ఉన్నాము.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

మీ నలుగురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ ఇంట్లో చదివి వినిపించాను. నంద్యాల అన్నగారి అనుభవం విన్నాక మా నాయన మొదటిసారి కొర్ర గురించి కోపం లేకుండా మాట్లాడారు. జరిగిన నష్టాన్ని దాచకుండా చెప్పిన మనిషి సలహా కనుక నమ్మవచ్చని ఆయన అన్నారు. చివరికి కుదిరినది ఇది: 4 ఎకరాలలో వేరుశనగ, దాని చుట్టూ 4 సాళ్ళ జొన్న; 2 ఎకరాలలో కొర్ర, 5 సాళ్ళకు 1 సాలు కంది; మిగిలిన ఎకరాలో సజ్జ, పెసర, అలసంద, నువ్వు, గోంగూర కలిపి అమ్మ ఇష్ట ప్రకారం. ఆ ఎకరా గురించి ఎవరూ సలహా ఇవ్వకూడదని ఆమె షరతు పెట్టింది. పోయిన ఏడాది వేరుశనగ వేసిన నేలలోనే కొర్ర వేయవచ్చా? నూర్పిడి ఎలా చేయాలి? మా ఊరిలో కొర్ర నూర్చి 20 ఏళ్ళు దాటింది.

1వ జవాబు రాసినవారు:

వేయవచ్చు, నిజానికి అది మేలు. వేరుశనగ వేరు బుడిపెలు నేలలో వదిలిన నత్రజని కొర్రకు అక్కరకు వస్తుంది, వేరుశనగ మొదలు కుళ్ళు కూడా పంట మార్పిడితో తగ్గుతుంది. వచ్చే ఏడాది ఆ 2 ఎకరాలను వేరుశనగకు ఇచ్చి కొర్రను పక్క చెక్కకు జరపండి. విత్తన శుద్ధి మందు మోతాదు మీ రైతు సేవా కేంద్రంలో అడిగి తీసుకోండి. కంకులు గింజ పట్టే వేళకు పిచ్చుకలు, చిలుకలు వస్తాయి, మీ చుట్టూ ఎవరూ కొర్ర వేయలేదు కనుక చుట్టుపక్కల పిట్టలన్నీ మీ చేనుకే చేరతాయి. ఆ 15, 20 రోజులు ఉదయం, సాయంత్రం ఎవరో ఒకరు చేనులో ఉండేటట్లు ఇప్పుడే అనుకోండి.

4వ జవాబు రాసినవారు:

నూర్పిడికి ఒక్క మాట. కంకులు కోసి రెండు మూడు రోజులు ఎండనిచ్చి, ట్రాక్టరుతో తొక్కించినా, కర్రలతో కొట్టినా, కింద తప్పనిసరిగా టార్పాలిన్ పరవండి. మట్టి కల్లంలో నూర్చితే కొర్ర గింజంత సైజు ఇసుక రాళ్ళు అందులో కలుస్తాయి, వాటిని ఏ జల్లెడా పూర్తిగా వేరు చేయలేదు. మా దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళే మూటల్లో ఎక్కువ భాగం ఆ రాళ్ళ వల్లే వెళుతున్నాయి. పంట వచ్చాక మొదట ఒక్క సంచి మాత్రమే తీసుకుని రండి, అమ్మను కూడా తీసుకుని రండి. ఆడించి, బియ్యం ఎంత వచ్చిందో ఆమె ముందే తూచి చూపిస్తాము.